పన్నెండు లైసెన్సులు, పదమూడు పేర్లు

నడిమిలంక లాకుల ఆఫీసు, సర్వర్ గది పుస్తకం
రాస్తున్నది: ఇందుమణి

ఇంకా 30 రోజులు

పాత సర్వర్ ఇవాళ పొద్దున ఏడున్నరకి పోయింది. పెద్ద హడావుడేమీ చెయ్యలేదు. ఫ్యాను తిరగడం మానేసింది, పచ్చదీపం ఆరిపోయింది, అంతే. ముప్ఫై ఎనిమిదేళ్ళు నడిచిన యంత్రం. దాని ముందు పలక మీద ముప్ఫై ఎనిమిది ఆయుధపూజల కుంకుమ పేరుకుపోయి ఉంది. మిగతా దుమ్మంతా తుడిచాను గానీ దాన్ని తుడవడానికి చేతులు రాలేదు.

ఏసుబాబు గుమ్మంలో నిలబడి, పోయినట్టేనా అక్కా అన్నాడు. పోయినట్టే అన్నాను. డిస్కు బతికే ఉంది కాబట్టి రాసిందేదీ పోలేదని చెబితే ఊపిరి పీల్చుకున్నాడు. మా లాకులకి ఆరు తలుపులు. అటు సముద్రం, ఇటు కాలవా చేలూ. ఏ తలుపు ఎత్తాలన్నా దించాలన్నా వాటిని చూసుకునే లస్కరు ముందు తన పేరుతో సర్వర్లోకి వెళ్ళాలి. సర్వర్ లేకపోతే చేత్తో తిప్పే చక్రాలే గతి. సాయంత్రం దాకా లస్కర్లంతా అవే తిప్పారు, తిప్పినంతసేపూ నన్నే తిట్టుకున్నారు.

మూతపడ్డ పెసరలంక ఆఫీసు నుంచి తెచ్చి గోనెసంచిలో చుట్టి పెట్టిన సర్వర్ని బయటికి తీశాను. బొద్దింక గుడ్లు దులిపి, కాసేపు ఎండలో పెట్టి, పాత డిస్కు తగిలిస్తే నాలుగింటికల్లా లేచి కూచుంది. లేవగానే అడిగిన మొదటి మాట, లైసెన్సులెన్ని అని. ముప్ఫై రోజులు ఎవరినైనా రానిస్తుందట. ఆ తర్వాత లైసెన్సు ఉన్న పేర్లకే తలుపు తీస్తుందట. ఆ లైసెన్సులు అమ్మిన కంపెనీ, సముద్రం కింద తీగలు తెగిపోయిన ఏడాదే కనపడకుండా పోయింది. ఇప్పుడు అమ్మేవాళ్ళు లేరు, కొనే చోటు లేదు, అడిగే యంత్రం మాత్రం అడుగుతూనే ఉంది.

మాకున్నవి పన్నెండు. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో దాచిన కాగితం చూసి ఎక్కించాను. తర్వాత మనుషుల లెక్క. తెల్లారి డ్యూటీతో మొదలుపెట్టి వేళ్ళు ముడుచుకుంటూ రాసుకున్నాను. అచ్యుతం గారు, కోటేశ్వరం గారు, నేను, ఏసుబాబుతో కలిపి పాత లస్కర్లు తొమ్మిదిమంది. పన్నెండు నిండాయి. ఆ తర్వాత కోమలి. పదమూడు.

కోమలి కొత్త లస్కరు. వచ్చి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ ఏసుబాబు పక్కన నిలబడి నేర్చుకుంటోంది కాబట్టి తన పేరు ఎక్కించాల్సిన పని పడలేదు. ఇప్పుడు పడింది. ఒకటి తక్కువ.

ఇంకా 29 రోజులు

పొద్దున అయిదూ నలభైకి సర్వర్లోని దినచర్యలో ఎప్పటి వాక్యమే పడింది. "నీళ్ళు చూశాను. ఫరవాలేదు. — అచ్యుతం." కొత్త సర్వర్లో కూడా మొదటి మాట ఆయనదే అయినందుకు సంతోషమేసింది. దానికీ ఓ కుంకుమ బొట్టు పెట్టాను. దసరా రాలేదు కదా అని ఏసుబాబు వెక్కిరించాడు. దసరా దాకా నువ్వు చక్రం తిప్పుతావా అంటే మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఇంకా 28 రోజులు

సూపరింటెండెంటు కోటేశ్వరం గారికి ఇవాళ ఒక ఉపాయం తట్టింది. ఆయనకి ఉపాయాలు తట్టే రోజున నాకు భోజనం ఆలస్యమవుతుంది.

లైసెన్సులు రెండు రకాలు. ఒకటి మనిషి లెక్క, రెండోది యంత్రం లెక్క. భోజనాల దగ్గర టికెట్టు మనిషి చేతికివ్వడం ఒక పద్ధతి, కుర్చీకి అంటించడం ఇంకో పద్ధతి. కుర్చీకి అంటిస్తే ఎందరు మారి మారి కూచున్నా ఒక్క టికెట్టే. మా ఆఫీసులో మనుషులు పదమూడు, కంప్యూటర్లు అయిదు. యంత్రం లెక్కకి మారిపోతే అయిదే చాలు, ఏడు మిగులుతాయి, అంతే కదా మేడమ్ అన్నారు. గుమ్మంలో వింటున్న కోమలి మొహం విచ్చుకుంది.

కూడిక సరిగ్గానే ఉంది. కానీ యంత్రం లెక్కలో దినచర్యలో మనిషి పేరు పడదు. "మూడో బల్ల తలుపు ఎత్తింది" అని పడుతుంది. ఇరవయ్యేళ్ళ క్రితం పెసరలంకలో అలాగే పెట్టుకున్నారు. ఒక పోటు వేళ ఎవరో తలుపు ఎత్తి దించడం మర్చిపోయారు. సముద్రం చేలల్లోకి వచ్చింది, మూడేళ్ళు పంట లేదు. ఎవరు ఎత్తారంటే రెండో బల్ల అని తేలింది. బల్లని ఎవరేం చేస్తారు. ఆ తర్వాతే నీటి బోర్డువారు నియమం పెట్టారు, తలుపు ఎత్తిన ప్రతి చేతికీ ఒక పేరు ఉండాలని. పెసరలంక మూతపడింది కూడా అందుకే. ఆ సర్వరే ఇప్పుడు మా గదిలో కూచుని ఉంది.

ఇదంతా చెబితే కోటేశ్వరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, అయితే ఇంకో ఉపాయం ఆలోచిస్తానన్నారు. వద్దు సార్ అన్నాను.

ఇంకా 24 రోజులు

కోమలి ఖాళీ దొరికినప్పుడల్లా సర్వర్ గది బయట బెంచీ మీద కూచుంటోంది. దానికి ఒక కాలు ఎప్పుడో విరిగింది, కింద ఇటుక పెట్టి నిలబెట్టారు. అడగదు, పెట్టదు, ఊరికే కూచుంటుంది. లోపల నాకు పని సాగదు.

ఆ బెంచీ మీద నేనూ కూచున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ మాట. నా వయసు ఇరవై ఏడు. ఉద్యోగం కాగితం చేత్తో పట్టుకుని వస్తే, అప్పటి సూపరింటెండెంటు అచ్యుతం గారు నన్ను మూడు రోజులు అక్కడే కూచోబెట్టారు. వానాకాలం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తనే గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చేవారు. లోపలికి రానివ్వండి సార్ అంటే, నీ పేరు రావాలమ్మా అని తల దించుకుని వెళ్ళిపోయేవారు. పేరు ఎక్కడి నుంచి రావాలి, పడవ మీద రావాలా అని మూడో రోజు గట్టిగానే అడిగాను. ఆ రోజు మధ్యాహ్నమే లోపలికి పిలిచారు.

ఆ మూడు రోజుల్ని నేను వదల్లేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉన్నాను. చెయ్యి ఆలస్యం మనిషి అని పేరు పెట్టాను. నవ్వేవారు గానీ ఎందుకు కూచోబెట్టారో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజులే వేరు. లాకుల గట్టున ఆయన నల్ల గొడుగు కనిపిస్తే టైము అయిదున్నర అయినట్టు. పదకొండు మెట్లూ దిగి, కాలవ నీళ్ళల్లో చెయ్యి పెట్టి, పైకొచ్చి ఆ తడి చేత్తోనే టైపు చేసేవారు. కీబోర్డు పాడైపోతుందండీ అని నేను మొత్తుకునేదాన్ని. ఇప్పుడు కీబోర్డులు పొడిగానే ఉంటున్నాయి, అయినా పాడవుతున్నాయి.

ఇంకా 21 రోజులు

పొద్దున కోమలి రొప్పుకుంటూ వచ్చింది. కాలవ నీళ్ళు ఏడో గీత దాటాయి, దినచర్యలో ఫరవాలేదని ఉందేంటండీ అని. ఏడో గీత దాటితే సముద్రం తగ్గే ఆటు వేళ ఒక తలుపు ఎత్తి సముద్రంలోకి వదిలెయ్యాలి, లేకపోతే చేలు మునుగుతాయి. రాత్రి పైన వాన పడినట్టుంది. రెండో తలుపు ఎత్తించాం, గంటలో సర్దుకుంది.

ఆ వాక్యం అలాగే రాస్తారమ్మాయ్, ముందు నువ్వు పని నేర్చుకో అని కసురుకున్నాను. అనకుండా ఉండాల్సింది. నీటిమట్టం గీతలు వరండాలోంచి కనపడవు, మెట్లు దిగితేనే కనపడతాయి. దిగి చూసింది ఆ పిల్లే.

ఇంకా 17 రోజులు

పెదతూము ఆఫీసుతో రేడియోలో మాట్లాడాను. వాళ్ళ దగ్గర ఒక లైసెన్సు ఖాళీగా ఉందట, తీసుకోమన్నారు పాపం. నంబరు చదివారు, ఎక్కించాను, సర్వర్ తిప్పి కొట్టింది. ఏ కట్ట లైసెన్సు ఆ కట్టతోనే ఉండాలట. కట్ట మొత్తం ఇస్తామంటే వాళ్ళ తలుపులు ఆగిపోతాయి. ఇంత మాట సాయం చేసినందుకు దణ్ణం పెట్టి రేడియో ఆపేశాను. ఇప్పటికి రెండు రకాలుగా చూశాను. రెండూ గోడకే తగిలాయి.

ఇంకా 14 రోజులు

బోర్డు నుంచి కోమలికి ఉత్తరం. గడువు ముగిసేలోగా తన పేరుతో ఒక్క తలుపైనా ఎత్తినట్టు, ఆ పేరు సర్వర్లో స్థిరపడినట్టు చూపించాలి. లేకపోతే ఉద్యోగం రద్దు, తిరిగి మిట్ట క్యాంపుకి పంపేస్తారు. కోమలి వాళ్ళ లంక ఎనిమిదేళ్ళ క్రితం మునిగింది. అప్పట్నుంచీ ఆ క్యాంపులో రేకుల కింద, అత్తగారితో, పన్నెండేళ్ళ కూతురితో ఉంది. ఇక్కడ ఉద్యోగం స్థిరపడితే వాళ్ళిద్దరినీ తెచ్చుకోవచ్చు. లస్కర్ల వరసలో ఖాళీ ఇంటికి అప్పుడే సున్నం వేసుకుందని ఏసుబాబు చెప్పాడు.

ఉత్తరం నా చేతికిచ్చి, చదివారా అండీ అంది. చదివాను. ధైర్యం చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఏం ఉందని.

ఇంకా 12 రోజులు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అందరం వరండాలో అన్నాలు తింటున్నాం. కోటేశ్వరం గారు లైసెన్సుల జాబితా మరోసారి తెమ్మన్నారు, ఎవరైనా పనికి తక్కువ వస్తున్నారేమో చూద్దామని. పేర్లు పైకి చదివాను. మొదటి పేరే చదివాను, కోమలి కంచంలోంచి తలెత్తింది.

"అచ్యుతం గారంటే ఎవరండీ? నేనొచ్చి నెలైంది. తెల్లారి డ్యూటీ అంటారు, రోజూ రాస్తున్నారు, నాకు ఒక్కసారి కూడా కనపళ్ళేదు."

ఎవరూ ముద్ద మింగలేదు. కోటేశ్వరం గారు నా వంక చూశారు, నేను జాబితా వంక చూశాను.

అచ్యుతం గారు పోయి ఆరేళ్ళయింది.

నాకు తెలియకపోవడమేమిటి. ఆయన కాళ్ళకి పసుపు రాసినదాన్ని నేను. ఇల్లూవాకిలీ, పెళ్ళాంబిడ్డలూ లేని మనిషి, ఆ చివరి పనులన్నీ మేమే చేశాం. ఆయన పోయిన మర్నాడు పొద్దున అయిదూ నలభైకి దినచర్యలో వాక్యం పడకపోతే ఆఫీసంతా కాలుకాలిన పిల్లిలా తిరిగింది. రెండో రోజు ఏసుబాబు ఆయన పేరుతో లోపలికి వెళ్ళి రాశాడు. నీళ్ళు చూశాను, ఫరవాలేదు. నేను చూసి ఊరుకున్నాను. ఊరుకోవడమేమిటి, కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాను. అప్పట్నుంచీ తెల్లారి డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు రాస్తున్నారు. తలుపులు మాత్రం ఎవరి పేరుతో వాళ్ళే ఎత్తుతారు, ఆ ఒక్క వాక్యమే ఆయనది. ఆరేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. ఏ బయటివాళ్ళూ అడగలేదు, మాలో మేమూ అనుకోలేదు. ఇన్ని రోజులూ లైసెన్సు కోసం పెదతూము దాకా అడిగాను గానీ, వేళ్ళు ముడిచిన ప్రతిసారీ మొదటి వేలు ఆయనకే ముడుచుకుంది. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

ఎవరూ చెప్పేలా లేరని నేనే చెప్పాను. ఆయన లేరమ్మా అని. కోమలి కంచం కింద పెట్టి, నేను ఊరికే అడిగానండీ అంది. ఆ మాటకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంకా 11 రోజులు

నాలుగో నంబరు లైసెన్సు ఆయనది. మార్చడం చాలా తేలిక, నాలుగు మీటలు నొక్కాలి. నొక్కితే ఆయన పేరుతో లోపలికి వెళ్ళే దారి మూసుకుపోతుంది. రాసినవన్నీ ఉంటాయి, కొత్తది పడదు. మూసిన దారి మళ్ళీ తెరవడానికి లేదు.

ఏసుబాబుతో ఈ మాట కదిపాను. ఇరవయ్యేళ్ళుగా నా మాటకి ఎదురు చెప్పని మనిషి.

"నా పేరు తీసెయ్యండక్కా. ఆయన్ది మాత్రం ముట్టుకోవద్దు. చక్రం తిప్పుకుంటా బతుకుతాను గానీ, పొద్దున్నే ఆ రాత లేకపోతే నేనా గట్టెక్కలేను."

చక్రం తిప్పే వయసా నీదీ అని నవ్వించబోయాను. నవ్వలేదు. ఏసుబాబుకి మోకాళ్ళ నొప్పులు, మూడేళ్ళుగా మెట్లు దిగట్లేదు. వరండాలోంచే కాలవని చూసి, ఆయన వాక్యం రాసి, పైకి చూసి దణ్ణం పెట్టుకుంటాడు. వాడికి పదహారేళ్ళప్పుడు చేపల బుట్ట పట్టుకుని తిరుగుతుంటే పిలిచి పని నేర్పింది అచ్యుతం గారు. నేనేం అనగలను. అసలు నాకు మాత్రం మనసొప్పుతోందా ఏమిటి.

ఇంకా 8 రోజులు

వాన. కోమలి బెంచీ మీద లేదు. వెతికితే ఖాళీ ఇంట్లో చీపురూ, సున్నం డబ్బా సర్దుతూ కనపడింది. ఏమిటని అడిగితే చెప్పింది.

"నాకోసం ఆయన పేరు తియ్యకండి. అందరికీ బాధగా ఉంది. మాకు క్యాంపు అలవాటేనండి."

ఒక గోడకి సున్నం పూర్తయింది, రెండో గోడకి సగం వేసి ఉంది. సామాను ముట్టుకోకు, గడువు ఇంకా ఉంది అని మాత్రం చెప్పి వచ్చేశాను. గొడుగు అక్కడే మర్చిపోయాను.

దారిలోనే నిశ్చయించుకున్నాను. నా లైసెన్సు ఇచ్చేస్తాను. నాకు అరవై ఒకటి. సర్వర్ పని కోటేశ్వరం గారికి నేర్పిస్తాను, నేర్చుకోకపోతే బెదిరిస్తాను. ఇంట్లో కూచుని ఊరగాయలు పెట్టుకుంటాను. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ తెరుచుకున్న తలుపు.

ఇంకా 7 రోజులు

నాది ఏడో నంబరు. మార్చాలంటే ముందు ఆ నంబరు పుట తెరవాలి. ఎంతమంది లైసెన్సులో ఈ చేత్తో మార్చాను, నా పుట మాత్రం ఎప్పుడూ తెరవలేదు. తెరవాల్సిన అవసరం ఏముంటుంది.

పైన నా పేరు. దాని కింద, నాకంటే ముందు ఆ లైసెన్సు ఎవరిదో ఆ పేరు. లంకా సీతారత్నం.

ఆ పేరు నాకు తెలుసు. ఇక్కడ అందరికీ తెలుసు. మొదటి తలుపు పక్కన రాయి మీద చెక్కి ఉంది. ఈ ఆఫీసు మొదటి గుమాస్తా, పెద్ద ఉప్పెనలో తలుపు దించడానికి వెళ్ళి తిరిగి రాని మనిషి. నేను చేరడానికి మూడేళ్ళ ముందు పోయింది. మరి లైసెన్సు నా చేతికి వచ్చేదాకా ఆవిడ పేరు మీదే ఉంది. ఆవిడ ఆఖరిసారి లోపలికి వచ్చిన తేదీ చూస్తే, నేను బెంచీ మీద కూచున్న మూడో రోజు, పొద్దున అయిదూ నలభై.

పాత డిస్కు తెరిచి ఆ మూడేళ్ళ దినచర్యలు తీశాను. రెండుసార్లు తప్పు మీట నొక్కాను. రోజూ ఉంది. వెయ్యి రోజుల పైన, ఒక్కటీ తప్పకుండా.

"నీళ్ళు చూశాను. ఫరవాలేదు. — సీతారత్నం."

అంటే ఆ వాక్యం ఆయనది కాదు. ఆవిడది. ఇంకా వెనక్కి వెళ్ళి చూస్తే, ఆవిడ బతికున్న రోజుల్లోనూ అదే రాసింది. ఆవిడ పోయాక మూడేళ్ళు ఆయన రాశారు, ఆవిడ పేరుతో, ఆ తడి చేత్తో. తన పేరుతో రాయడం మొదలుపెట్టింది, ఆవిడ పేరు మూసేసిన మర్నాటి నుంచి.

లైసెన్సు మార్చినప్పుడు కారణం రాయమని యంత్రం అడుగుతుంది. నలభై అక్షరాలకి మించి పట్టవు. బదిలీ అనో రాజీనామా అనో మేం రాసేస్తాం. ఏడో నంబరు పుటలో ఆయన రాసిన కారణం ఇది.

"పిల్ల బయట బెంచీ మీద ఉంది. రత్నం ఏమీ అనుకోదు."

సర్వర్ గది తలుపు వేసుకుని ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు. ఆ మూడు రోజులూ ఆయనకి చెయ్యి రాలేదు. నేనేమో ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఆలస్యం మనిషి అని దెప్పాను. ఒక్కసారైనా చెప్పలేదు మహానుభావుడు, చెబితే ఆ కుర్చీలో నేను కుదురుగా కూచోలేనని అనుకున్నారేమో. కూచోలేకపోయేదాన్నే.

ఇంకా 6 రోజులు

ఏసుబాబుని పిలిచి ఆ పుట చూపించాను. వాడు చదవడం నిదానం. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అప్పుడన్నాడు, ఆయనకి ఎంత కష్టమయ్యుంటదో గదక్కా అని. అంతే. ఆయన పేరు తియ్యొద్దని మళ్ళీ అనలేదు.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, రేపొద్దున ఒక్క రోజు నన్ను రాయనివ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాడు. సరేనన్నాను.

ఇంకా 5 రోజులు

పొద్దున అయిదూ నలభైకి నేను కూడా వెళ్ళాను. ఏసుబాబు నా భుజం పట్టుకుని పదకొండు మెట్లూ దిగాడు. దిగినంతసేపూ మోకాళ్ళని తిట్టాడు, నా సర్వర్నీ తిట్టాడు. నీళ్ళల్లో చెయ్యి పెట్టాడు. నేనూ పెట్టాను. ముప్ఫై నాలుగేళ్ళలో అదే మొదటిసారి, ఎప్పుడూ యంత్రాల దగ్గరే గదా నా కాపురం. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. గీత అయిదు. పైకొచ్చి తడి చేత్తో ఆఖరిసారి రాశాడు. కీబోర్డు గురించి నేనేమీ అనలేదు.

పదకొండింటికి నాలుగో నంబరు మార్చాను. కోటేశ్వరం గారు పక్కనే నిలబడ్డారు, ఉపాయాలేమీ చెప్పలేదు. యంత్రం కారణం అడిగింది. బదిలీ అని రాయబుద్ధి కాలేదు. ఇలా రాశాను.

"అమ్మాయి బెంచీ మీద ఉంది. ఆయనకి ఈ సంగతి తెలుసు."

తర్వాత బయటికి వెళ్ళి, లోపలికి రా అమ్మాయ్, నీ పేరు వచ్చింది అన్నాను. కోమలి లేచి నిలబడింది గానీ కదల్లేదు. నాలుగో నంబరా అండీ అంది. అవునన్నాను. దాన్ని మళ్ళీ బెంచీ మీద కూచోబెట్టి ఏడో నంబరు కథంతా చెప్పాను. పక్కనే కూచుని చెప్పాను, ఇటుక కదిలి ఇద్దరం కింద పడబోయాం. చెప్పడం తప్పో ఒప్పో తెలీదు. ఆయన నాకు చెప్పలేదు. నాకు మాత్రం, తెలిసి కూచుంటేనే నయమనిపించింది.

ఇంకా 4 రోజులు

ఇవాళ తెల్లారి డ్యూటీ కోమలిది. నిద్ర పట్టక నేను అయిదింటికే వచ్చి సర్వర్ ముందు కూచున్నాను. ఏసుబాబు తన డ్యూటీ కాకపోయినా వచ్చాడు. గోడకి ఆనుకుని కూచున్నాడు. అయిదూ నలభై అయింది. ఏమీ పడలేదు. ఆరేళ్ళ క్రితం ఆ పొద్దుటిలాగే తెర ఖాళీగా ఉంది. రాయదేమో, ఆ వాక్యం తనది కాదనుకుంటోందేమో అనుకున్నాను. అయిదూ నలభై ఆరయింది. ఏసుబాబు లేచి వెళ్ళిపోబోయాడు.

అప్పుడు పడింది.

"నీళ్ళు చూశాను. ఏడో గీత దాటాయి. మూడో తలుపు ఎత్తాను. — కోమలి."

ఏసుబాబు నా వంక చూశాడు. ఇద్దరం కిటికీ దగ్గరికి వెళ్ళాం. పైన మళ్ళీ వాన పడ్డట్టుంది, కాలవ ఎర్రగా నిండుగా ఉంది. మూడో తలుపు కిందనుంచి నీళ్ళు సముద్రంలోకి పోతున్నాయి. కోమలి మెట్ల మీదే ఉంది, వంగి గీతల్ని చూస్తోంది.

ఆరేళ్ళుగా మా దినచర్యలో నీళ్ళు రోజూ ఫరవాలేదు, దిగి చూసినా చూడకపోయినా.